నెలాఖరులో ఆగిపోయే బండి

విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నుంచి ఒక లెక్కల మాస్టారు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఎనిమిది పేజీలు రాశారు, కుదించి చెబుతున్నాను.

ఆయనకు నలభై రెండేళ్లు. కానూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పని చేస్తున్నారు. రోజూ వెళ్లి వచ్చేది వాళ్ల నాన్నగారు 2010లో కొన్న వంద సీసీ బండి మీద. నాన్నగారు పోయి మూడేళ్లయింది, బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వీధిలోకి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు మేడ మీదికి చేర్చగలిగినవి చేర్చారు. బండి కిందే ఉండిపోయింది. నాలుగు రోజులు హ్యాండిల్ దాకా మునిగి ఉంది. నీళ్లు తీశాక, నాన్నగారి స్నేహితుడైన మెకానిక్ వచ్చారు. మాస్టారు చిన్నప్పటి నుంచి ఆయనను బాబాయి అనే పిలుస్తారు. ఎవరినీ కిక్కు కొట్టనివ్వకుండా బండిని షెడ్డుకు తోసుకుపోయి, ఇంజన్ ఆయిల్ రెండుసార్లు మార్చి, ట్యాంకులో ఉన్నదంతా వంచేసి, ప్లగ్గూ ఎయిర్ ఫిల్టరూ కొత్తవి వేసి నడిపించారు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. పొద్దున చోక్ లాగితే స్టార్టవుతుంది, చోక్ మూయగానే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ పట్టుకుని ఉన్నంతసేపూ నడుస్తుంది, వదిలితే చప్పుడు ఉండదు. రోడ్డెక్కి యాభైలో పోతుంటే ఏ లోపమూ లేదు, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మాత్రం తప్పకుండా ఆగుతుంది. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌ను బాబాయి మూడుసార్లు విప్పి శుభ్రం చేశారు, సారికి మూడు వందల యాభై. చేసినప్పుడల్లా రెండు నెలలు బాగుంటుంది, మళ్లీ మొదలు. మూడోసారి "ఈసారి జెట్లో తీగ పెట్టి బాగా తీశాను" అన్నారట. అప్పటి నుంచి పెట్రోలు వాసన, లీటరుకు యాభై ఎనిమిది ఇచ్చే బండి నలభై అయిదుకు దిగింది, ప్లగ్గు నల్లబడుతోంది. ఇప్పుడు రాత్రిపూట కింది సన్న పైపులోంచి చుక్కలు కూడా పడుతున్నాయి. బాబాయి ఈసారి కొత్త కార్బురేటర్ వేద్దాం, పనిలో పనిగా ఇంజన్ కూడా విప్పి చూద్దాం, తొమ్మిది వేలవుతుంది అన్నారు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. భవానీపురంలో పెళ్లి చూసుకుని రాత్రి పదకొండింటికి వస్తుంటే కనకదుర్గ ఫ్లైఓవర్ మీద బండి ఆగింది, వెనక లారీలు. ఇక ఆ బండి ఎక్కనని, పాత ఇనుముకు వేసేయమని భార్య. నాన్నగారు తుడుచుకున్న బండి గడప దాటడానికి వీల్లేదని అమ్మ. ఫోనులో చూసి నేనే విప్పుతానని ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు. బాబాయి నన్ను మోసం చేస్తున్నారా, వేరే మెకానిక్ దగ్గరికి వెళితే అమ్మకు ఏం చెప్పాలి, అబ్బాయిని విప్పనివ్వవచ్చా, లేక అమ్మేయడమే నయమా? ఇవీ ఆయన ప్రశ్నలు.

మాస్టారూ,

జవాబుకు ముందు ఒక పని. ఈ రాత్రి నుంచే బండి ఆపగానే పెట్రోలు ట్యాపు మూయండి, మెట్ల కింద కాకుండా ఆరుబయట పెట్టండి. మెట్ల పక్కనే వంటగది అని రాశారు. రాత్రంతా చుక్కలు చుక్కలుగా పడే పెట్రోలూ, పొద్దున్నే వెలిగించే పొయ్యీ ఒకే చోట ఉండకూడదు. అలాగే ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కర్ర తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తున్నా, ఆయిల్ మట్టం ఉండవలసిన దానికన్నా పెరిగినట్టున్నా, పొంగిన పెట్రోలు ఇంజన్లోకి దిగుతున్నట్టే. అప్పుడు ఆయిల్ మార్చేదాకా బండి తీయవద్దు. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే మీ బాబాయి ఇప్పుడు అనవసరంగా విప్పుదామంటున్న ఇంజన్‌ను రేపు అవసరమై విప్పవలసి వస్తుంది.

ఇక ఉత్తరం సంగతి. మీరు అడిగిన నాలుగు ప్రశ్నల కన్నా, అడగకుండా రాసేసిన ఒక మాట నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. బండి మొరాయించిన తేదీలన్నీ లెక్కల మాస్టారి అలవాటు చొప్పున వరసగా రాశారు: 29, 27, 30, 28. పక్కనే "ఎప్పుడూ నెలాఖరే, జీతం వచ్చేది అయిదో తారీఖున, చేతిలో పైసా లేనప్పుడే చెడిపోతుంది, ఇదేం దరిద్రమో" అని వాపోయారు. అది దరిద్రం కాదు. నాలుగు తేదీలూ ఇరవై ఆరు దాటినవే అయితే దానికి కారణం ఉండాలి కదా? నెలాఖరులో మీరు వంద రూపాయల పెట్రోలు పోయించుకుని, ట్యాపు రిజర్వ్‌కు తిప్పుకుని నెట్టుకొస్తున్నారు. రోగం అక్కడ దొరుకుతుంది.

ట్యాంకు అడుగున ఉండే ట్యాపుకు లోపల రెండు నోళ్లు ఉంటాయి. ఒకటి పొడవాటి గొట్టం మీద పైకి లేచి ఉంటుంది, రెండోది ట్యాంకు అడుగుకు ఆనుకుని ఉంటుంది. మామూలుగా తెరిచినప్పుడు పై నోటి నుంచి పెట్రోలు వస్తుంది. మట్టం ఆ గొట్టం కన్నా కిందికి పోతే బండి ఆగుతుంది, మీరు రిజర్వ్‌కు తిప్పుతారు, అప్పుడు కింది నోరు తెరుచుకుంటుంది. అంటే ఇరవై ఏడో తారీఖు దాకా మీ బండి పైన తేరుకున్న పెట్రోలు తాగుతోంది. ఆ తర్వాత మడ్డి తాగుతోంది. ఆ మడ్డి ఏమిటో మీకు చెప్పనక్కరలేదు, నాలుగు రోజులు మీ ఇంట్లో ఉండి వెళ్లినదే. ట్యాంకు మూతకు గాలి ఆడటానికి చిన్న రంధ్రం ఉంటుంది. మునిగిన బండిలోకి అక్కడి నుంచి నీళ్లూ, నీళ్లతో పాటు మెత్తని ఒండ్రూ దిగుతాయి. బాబాయి ఉన్న పెట్రోలు వంచేశారని రాశారు, ట్యాంకు విప్పి కడిగారని రాయలేదు. బిందె వంచినంత మాత్రాన అడుగున పేరుకున్నది పోదు కదా. పైగా తడి తగిలిన ఇనుప ట్యాంకు లోపల తుప్పు మొదలై ఉంటుంది. ట్యాపు లోపలి జల్లెడ తుప్పు పెచ్చులను ఆపగలదు కానీ ఒండ్రును ఆపలేదు.

ఇప్పుడు పంపుల్లో దొరుకుతున్న ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కూడా ఈ విషయంలో మనకు సాయపడదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత బండి లోపల ఏళ్లుగా అతుక్కుని ఉన్న జిగురు పొరలను వదులు చేసి కిందికి పంపుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్ నీళ్లతో కలిసి విడిగా అడుగుకు చేరుతుంది.

ఆ మడ్డి కార్బురేటర్ గిన్నెలోకి వచ్చి ఆగుతుంది. ఆ గిన్నెలో రెండు ఇత్తడి జెట్లు ఉంటాయి. పెద్దది మెయిన్ జెట్, బండి వేగంగా పోయేటప్పుడు పెట్రోలు అందించేది. చిన్నది స్లో జెట్, సగం అగ్గిపుల్ల కన్నా పొట్టిది. దాని కన్నం అర మిల్లీమీటరు కూడా ఉండదు. యాక్సిలరేటర్ వదిలేసి ఉన్నప్పుడు ఇంజన్ బతికేది ఆ కన్నంలోంచి వచ్చే పెట్రోలు మీదే. అది సగం మూసుకుపోయినా పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతుంది. చోక్ లాగితే గాలి తగ్గి ఆ లోటు పూడుతుంది కాబట్టి నడుస్తుంది, చోక్ మూస్తే ఆగుతుంది. యాభైలో మెయిన్ జెట్ పని చేస్తుంది కాబట్టి ఏ లోపమూ కనిపించదు. మీరు రాసిన లక్షణాలన్నీ ఇందులో ఇమిడిపోయాయి.

ఇవే లక్షణాలు చూపించే ఇంకో ముద్దాయి ఉన్నాడు. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య అతుకు దగ్గర రబ్బరు రింగు పగిలినా, నలిగినా దొంగగాలి లోపలికి పోయి ఇలాగే ఆగుతుంది. కానీ మీ బండి శుభ్రం చేసిన ప్రతిసారీ రెండు నెలలు బాగుంటోంది, పగిలిన రబ్బరు కడిగితే అతుక్కోదు. కాబట్టి అది మొదటి ముద్దాయి కాదు. అయితే మూడుసార్లు విప్పి బిగించిన చోట రింగు నలిగి ఉండవచ్చు, ఈసారి విప్పినప్పుడు కొత్తది వేయించండి. అలాగే, కిలోమీటరు దూరం బాగా పోయి ఆగి, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతుంటే ట్యాంకు మూత మీది గాలి రంధ్రం మూసుకుందేమో చూడాలి. మీకు ఆ కథ లేదు.

మైలేజీ పడిపోవడం, ప్లగ్గు నల్లబడటం, రాత్రి చుక్కలు పడటం మాత్రం వేరే లెక్క. చుక్కల కారణం తేలిక. గిన్నెలో పెట్రోలు నిండగానే ఫ్లోట్ పైకి తేలి, దాని మీది సూది దారి మూస్తుంది. ఆ సూది మొన దగ్గర ఇసుక రేణువు ఇరుక్కుంటే దారి పూర్తిగా మూసుకోదు, పెట్రోలు పొంగి సన్న పైపులోంచి కారుతుంది. గిన్నెలో మట్టం ఎక్కువైతే ఇంజన్‌కు అందేదీ ఎక్కువే, వాసనా నల్ల ప్లగ్గూ అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు. రెండో అనుమానం ఆ తీగ. ఇత్తడి మెత్తని లోహం. అర మిల్లీమీటరు కన్నంలో ఇనుప తీగ పెట్టి తిప్పితే కన్నం అరిగి వెడల్పవుతుంది. కంటికి తెలియదు కానీ ఇంజన్‌కు తెలుస్తుంది. వాసన మూడోసారి శుభ్రం చేసిన మర్నాటి నుంచే వచ్చిందన్నారు కాబట్టి నా అనుమానం తీగ మీదే ఎక్కువ. ఇందులో నేను బాబాయిని ఎత్తిపొడవలేను. ఇరవై ఏళ్ల వయసులో గుంటూరు బ్రాడీపేటలో అక్క పిన్నీసు అడిగి తీసుకుని స్కూటర్ జెట్లో పొడిచాను. మొన విరిగి లోపలే ఉండిపోయింది. ఆ జెట్ ఇప్పటికీ నా పెన్నుల డబ్బాలో ఉంది, పిన్నీసు సంగతి అక్క ఇప్పటికీ అడుగుతుంది.

ఇంజన్ విప్పాలా అంటే, మీరు రాసిన దాంట్లో విప్పవలసిన కారణం ఒక్కటీ కనిపించలేదు. సైలెన్సర్‌లోంచి నీలం పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు, కిక్కు గట్టిగానే తగులుతోంది, ఇద్దరినీ ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కింది. ఆగింది పైకెక్కాక, ముందు బండి నెమ్మదించి మీరు యాక్సిలరేటర్ వదిలినప్పుడు. ఆ ఖర్చు ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఇదంతా నా ఊహ అని మీరు అనవచ్చు. ఋజువు మీ చేతిలోనే ఉంది, ఒక్క బోల్టు కూడా విప్పనక్కరలేదు. ఖాళీ ఆవకాయ సీసాలు రెండు తీసుకుని నూనె జిడ్డు లేకుండా కడిగి, ఎండబెట్టి, తడి లేదని రూఢి చేసుకోండి. రాత్రి ట్యాపు మూసి ఉంచిన బండి దగ్గరకు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా వెళ్లండి. కార్బురేటర్ గిన్నె అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేస్తే గిన్నెలోది సన్న పైపులోంచి కారుతుంది. మొదటి సీసాలో పట్టండి. తర్వాత ట్యాపు నుంచి కార్బురేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి, ట్యాపును రిజర్వ్‌లో పెట్టి రెండో సీసాలో గ్లాసెడు పట్టండి. రెండింటికీ మూతలు పెట్టి, నీడలో, కదపకుండా పావుగంట ఉంచండి. ఎర్రగా అడుగున నిలిచేది తుప్పు. వేలికి తగిలితే గంధంలా మెత్తగా ఉండేది ఒండ్రు. అడుగున విడిగా, పాదరసం బొట్టులా కదిలేది నీరు. రెండో సీసా పట్టేటప్పుడు ధార ఎలా వస్తోందో కూడా గమనించండి, ధారగా కాక చుక్కలుగా వస్తుంటే ట్యాపు జల్లెడ కూడా నిండిపోయింది. రెండు సీసాలూ తేటగా ఉంటే నేను చెప్పినదంతా తప్పు. మళ్లీ ఉత్తరం రాయండి, నా మీద కోపంగానే రాయండి.

ఇప్పుడు బాబాయి సంగతి. మోసం చేస్తున్నారా అని అడిగారు. వరద తర్వాత ఊళ్లో ఎన్ని బండ్లకు ఆత్రంగా కిక్కు కొట్టి, లోపలి నీళ్లతో ఇంజన్లు పాడుచేసుకున్నారో మీరూ చూసే ఉంటారు. ఆయన మిమ్మల్ని కిక్కు ముట్టనివ్వలేదు. ఇంజన్ పని ఇప్పించుకోవాలనుకునేవాడికి అంతకన్నా మంచి అదను దొరకదు, ఆయన వదిలేశారు. నాకు కనిపిస్తున్నది మోసం కాదు, అలవాటు. "ఆగిపోతోంది" అని మీరు చెప్పారు, ఆగిపోవడానికి కారణమైన జెట్‌ను ఆయన శుభ్రం చేశారు. రేపు స్కూలుంది, సాయంత్రానికి ఇచ్చేయండి అని కూడా మీరే చెప్పి ఉంటారు. ఆ చెత్త ఎక్కడి నుంచి వస్తోందని వెతకడానికి సాయంత్రంలోగా తీరిక ఉండదు. నాలుగోసారికి ఆయనకే విసుగొచ్చి మొత్తం మార్చేద్దామన్నారు. ఈ తొమ్మిది వేల మాటలో స్వార్థం అసలు లేదని నేను ప్రమాణం చేయలేను. కానీ సీసా పరీక్ష చేయకముందే ఆయనను దొంగను చేయవద్దు.

ఆయన దగ్గరికే వెళ్లాలనుకుంటే షెడ్డులో నలుగురూ ఉన్నప్పుడు కాకుండా, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు రెండు సీసాలూ పట్టుకెళ్లండి. "బాబాయ్, ఇది ట్యాంకులోంచి వచ్చింది. ముందు ట్యాంకు కడిగి, కొత్త జెట్లు వేసి చూద్దామా? బండి రెండు రోజులు మీ దగ్గరే ఉంచుతాను" అనండి. తీగ ప్రస్తావన తేవద్దు, కొత్త జెట్లు అడిగితే చాలు, ఆయనకే అర్థమవుతుంది. సీసాను వెలుగుకు ఎత్తి చూశారంటే మీ బండికి మళ్లీ మెకానిక్ దొరికినట్టే. చూడకుండానే "ఇవన్నీ నీకెందుకురా" అని ఇంజన్ దగ్గరికే వస్తే, సరే ఆలోచిస్తానని చెప్పి వచ్చేయండి, పోట్లాట అక్కరలేదు. అమ్మకు అబద్ధం చెప్పవలసిన పని కూడా లేదు. కార్బురేటర్ పని వేరేచోట చేయించాను, బాబాయి సంక్రాంతికి మన ఇంటికి వస్తారు అనండి. ఆవిడకు రెండో ముక్కే ముఖ్యం.

వేరేచోటు అంటే మీ స్కూలుకు జవహర్ ఆటోనగర్ పక్కనే. అక్కడ ట్యాంకులు కడిగేవాళ్లూ, రేడియేటర్లు చూసేవాళ్లూ ఉన్నారు. మందు పోసి తుప్పు పూర్తిగా తీస్తారు. నష్టం కూడా చెప్పాలి: కొన్నిచోట్ల రేకు పోయి తుప్పే అడ్డుగా నిలబడి ఉంటుంది, అది పోగానే గుండుసూది కన్నాలు బయటపడతాయి. అప్పుడు అతుకు వేయించాలి లేదా ట్యాంకే మార్చాలి. కొత్త కార్బురేటర్ కొనే ఆలోచన పూర్తిగా తప్పేమీ కాదు, సూది కూర్చునే చోటే అరిగిపోతే అదే దారి. కానీ ట్యాంకు కడగకుండా కొత్తది బిగిస్తే దాని స్లో జెట్ కూడా ఇరవై తొమ్మిదో తారీఖునే మూసుకుంటుంది. కొనవలసి వస్తే పాతదాని ఒంటి మీద తయారీ కంపెనీ పేరు కెయిహిన్ అని ఉందో మికుని అని ఉందో చూసి కొనండి. ఒకదాని జెట్లు ఇంకొకదానికి పనికిరావు. జెట్ల మీద నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని మీ బండి మోడల్‌కు ఉండవలసిన నంబరుతో పోల్చి తీసుకోవాలి. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే ఇప్పుడున్నదే సరైనదన్న నమ్మకం లేదు.

మీ అబ్బాయి సంగతికి వస్తే, నేనైతే విప్పనిస్తాను. ట్యాంకులో పోసే క్లీనర్ సీసా మీద అతనికి నమ్మకం ఉందని రాశారు. అది జిగురుకు పని చేస్తుంది కానీ ఒండ్రుకూ తుప్పుకూ కాదు, ఆ డబ్బుతో రెండు జెట్లు కొనుక్కోమనండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, వాటికి కార్బురేటర్ ఉండదు. విప్పి, చేత్తో పట్టుకుని అర్థం చేసుకోగలిగిన యంత్రం అతని తరానికి ఇక అంత తేలిగ్గా దొరకదు.

ఆదివారం పొద్దున, మేడ మీద, ఎండా గాలీ ఉన్నచోట పెట్టుకోండి. దగ్గరలో దీపం, అగరొత్తి, సిగరెట్ ఏదీ ఉండకూడదు. కింద పాత తెల్లటి పంచె పరిస్తే జారిన చిన్న స్క్రూ కనిపిస్తుంది. బండి దగ్గర ట్యాపు మూసి, గిన్నె ఖాళీ చేసి, కార్బురేటర్ పైన మూత తిప్పితే కేబుల్‌తో పాటు గొట్టంలాంటి స్లైడు, దాని చివర సూది బయటికి వస్తాయి. ఆ సూది వంగితే మళ్లీ పని చేయదు, గుడ్డ చుట్టి హ్యాండిల్‌కు వేలాడదీయండి. అతుకు దగ్గర రెండు నట్లు, వెనక ఎయిర్ ఫిల్టర్ క్లిప్పు తీస్తే కార్బురేటర్ చేతిలోకి వస్తుంది. ప్రతి అడుగుకూ ఫోనులో ఒక ఫోటో. గిన్నె విప్పే ముందు పక్కన ఉన్న ఎయిర్ స్క్రూను ఎన్ని చుట్లు లోపలికి పోతే ఆగుతుందో లెక్కపెట్టి గోడ మీద రాయమనండి, తర్వాతే తీయాలి. చాలా బండ్లలో ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్ల మధ్య ఉంటుంది. లెక్కపెట్టకుండా తీసిన స్క్రూ వల్ల ఆ ఆదివారం సాయంత్రమంతా పోతుంది.

ఇక్కడి నుంచి నెమ్మదిగా. గిన్నె అడుగున ఏముందో తుడిచేయకముందే చూడండి. ఫ్లోట్ పిన్ను పక్కకు తోసి తీస్తే సూది దానితో పాటు వస్తుంది, దాని మొన మీద ఉంగరంలా గీత పడి ఉంటే మార్చాలి. మెయిన్ జెట్ కంటికెదురుగా ఉంటుంది. స్లో జెట్ పక్కన లోతైన సన్నటి బావిలో ఉంటుంది. దాని గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. వెడల్పుది లోపలికి పోదు, సన్నది గాడిని చెక్కేస్తుంది. చెక్కేశాక ఆ జెట్ ఊడి రాదు. కాబట్టి ఎంత బలం పెట్టినా కదలకపోతే అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాలి, ఇది మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. ఊడి వస్తే వెలుగుకేసి పట్టి ఒక కన్ను మూసి చూడండి. బాగున్న జెట్లో సూదిమొనంత గుండ్రటి వెలుగు చుక్క కనిపిస్తుంది. మూసుకుపోయినదానిలో చీకటి, లేదా అర్ధచంద్రుడు. పక్కన కొత్త జెట్ పెట్టి రెండింటినీ చూస్తే తీగ చేసిన పని కూడా కొంత తెలుస్తుంది. మీరు ఎలాగూ కొత్తవే వేస్తారు, పాతదాన్ని అబ్బాయి సరదాకు కడుగుతాడు: కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, తర్వాత బ్రష్ నైలాన్ వెంట్రుక ఒకటి, అంతే. ఇనుము ముట్టకూడదు.

జెట్ మారిస్తే పని అయిపోదు, అది కూర్చునే బావిలోంచి లోపలికి దారులున్నాయి. రబ్బరు భాగాలన్నీ తీసేశాక ఆ బావిలోకి స్ప్రే కొట్టండి. ఇంజన్ వైపు గొంతులో ఉండే సన్నటి కన్నాల్లోంచి అది చిమ్మాలి. చిమ్మకపోతే అక్కడ ఇంకా ఒండ్రు ఉంది. ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకోండి, అది ఏ కన్నంలోంచి ముఖం మీదికి వస్తుందో చెప్పలేం. తిరిగి బిగించేటప్పుడు స్లైడు గాడి సరైన వైపుకు రావాలి. స్టార్ట్ చేయకముందే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదలండి. స్లైడు టక్కుమని కింద పడిన చప్పుడు వినిపించాలి. వినపడకపోతే కిక్కు ముట్టుకోవద్దు, అలాగే స్టార్ట్ చేస్తే బండి అరుస్తుంది, ఆగదు.

ట్యాంకు కూడా అదే రోజు దించుకోవచ్చు. ట్యాపు ఊడదీసి, రంధ్రం మూసి, లీటరు డీజిల్, గుప్పెడు చిన్న నట్లు వేసి ఇద్దరూ చెరో పక్కన పట్టుకుని ఊపాలి. మీరు లెక్కల మాస్టారు కాబట్టి వేసిన నట్లెన్నో, వచ్చిన నట్లెన్నో చూసుకుంటారు. తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేసి, చివర కొంచెం పెట్రోలుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ట్యాపుకూ కార్బురేటర్‌కూ మధ్య చిన్న ఫిల్టర్ ఒకటి పెట్టించండి, బాణం గుర్తు కార్బురేటర్ వైపు ఉండాలి. అది పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఇక సీసాలు పట్టనక్కరలేదు, వారానికోసారి వంగి చూస్తే చాలు. మొదటి రెండు నెలలు మాత్రం రిజర్వ్ దాకా రానివ్వకండి. జీతం రాగానే పోయించేదానిలో వంద మిగిల్చి ఇరవయ్యో తారీఖున పోయించండి, మీ ఖర్చేమీ పెరగదు.

అమ్మేయడం గురించి. మీ ఆవిడ మాట పాత ఇనుము మీద కోపం కాదు. రాత్రి పదకొండింటికి లారీల ముందు నిలబడిన మనిషి మాట అది. "బాగైపోయింది" అని మీరు చెబితే ఆమె నమ్మనక్కరలేదు. ఒక నెలాఖరు గడవనివ్వండి, రిజర్వ్ సంగతి ఎలా ఉన్నా అప్పటిదాకా రాత్రిపూట ఆమెను బండి మీద తీసుకెళ్లవద్దు, ఆటోకు డబ్బులు పోనివ్వండి. నెలాఖరు దాటాక కూడా ఆమె వద్దంటే అమ్మేయండి. అమ్మ బాధపడతారు, నిజమే, కానీ బండి మీద కూర్చోవలసింది ఆమె కాదు.

అయితే ఈ రోజు అమ్ముదామన్నా మీకు వీలు పడదు. యజమాని చనిపోతే మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి, మీకు మూడేళ్లు దాటింది. ఇంకొకటి, 2010లో కొన్న బండికి 2025తో పదిహేనేళ్లు నిండాయి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొత్తది చేయించాలి, ఆ సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు. ఫ్లైఓవర్ మీద ఏదైనా జరిగి ఉంటే జెట్ కన్నా ఈ కాగితాలు ఎక్కువ ఇబ్బంది పెట్టేవి. ఉంచుకున్నా, అమ్మినా, తుక్కుకు ఇచ్చినా ఈ పని తప్పదు. అమ్మ సంతకం కావాలి కాబట్టి, ఆవిడతో కూర్చుని మాట్లాడటానికి అదొక సందు.

చివరగా, సైడు పెట్టెలో ఒక గుడ్డ సంచి ఉందని, అందులో రెండు స్పానర్లతో పాటు "ఎందుకూ పనికిరాని ఒక స్క్రూడ్రైవర్, దాని మొనను నాన్న రెండు పక్కలా ఆకురాయితో అరగదీసి పాడుచేశారు" అని రాశారు. పారేయకండి. వెడల్పయిన స్క్రూడ్రైవర్ ఆ బావిలోకి దిగదని చెప్పాను కదా. దాన్ని దిగేలా పక్కలు అరగదీసుకోవడం పాతకాలం వాళ్లు చేసే పని. ఆదివారం గిన్నె విప్పాక కొత్తది కొనకముందు, అబ్బాయి చేతికి దాన్నిచ్చి స్లో జెట్ గాడిలో పెట్టి చూడమనండి.